బర్మా బిట్లు: వాటి పొందిక, సంరక్షణ

తెలుగు రైతు నోట 'పదును' అనే మాట రెండు అర్థములలో వినవస్తుంది. వాన కురిసిన పిమ్మట నేల విత్తనమునకు అనువుగా ఉండే స్థితి పదును. ఉలి అంచున, కొడవలి నోట ఉండే వాడి కూడా పదునే. ఈ రెండింటిలో ఏదీ మన కొరకు వేచి ఉండేది కాదు. నేలలోని పదును ఎండకు ఆరిపోతుంది. ఉక్కులోని పదును తుప్పు వలన, తాకిడి వలన, అన్నిటికంటె ముఖ్యముగా మన అజాగ్రత్త వలన పోతుంది. అదనెరిగి సేద్యము, పదునెరిగి పైరు అన్నారు పెద్దలు. ఆ అదనునకు పనిముట్టు చేతికి అందవలెనంటే, అది ఉండవలసిన చోట ఉండవలెను. ఇంటి పనిగదిలో బెజ్జములు వేసే బర్మా బిట్లను ఎట్లు పొందికగా అమర్చుకొనవలెనో, ఎట్లు కాపాడుకొనవలెనో ఈ ప్రసంగములో విచారింతము.

పెదకూరపాడు గుంటూరు నుండి నడికుడి మీదుగా సికిందరాబాదు పోయే రైలు మార్గము మీద ఉన్న ఊరు. 2022 ఏప్రిల్ 4వ తేదీన పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు గుంటూరు జిల్లా నుండి ఈ కొత్త జిల్లాలోనికి వచ్చినది. ఈ ప్రాంతమున ప్రత్తి, మిరప ముఖ్యమైన పైరులు. ఇట్టి ఊళ్ళలో పూర్వము గొర్రు, నాగలి, బండి బాగుచేయవలెనంటే వడ్రంగి వద్దకు, కమ్మరి వద్దకు పోయేవారు. నేడు ట్రాక్టరు, మందు కొట్టే స్ప్రేయరు, నీటి మోటారు, వాటి బోల్టులు, పట్టీలు వచ్చినవి. వీటితో పాటు కరెంటు డ్రిల్లు కూడ ఎన్నో ఇళ్ళలోనికి వచ్చినది. డ్రిల్లు కొనునప్పుడు దాని వెల, శక్తి, కంపెనీ అన్నీ విచారిస్తాము. కాని పని చేసేది డ్రిల్లు కాదు, దాని మూతిన బిగించిన బిట్టు. ఆ బిట్లను మాత్రము పాత బిస్కెట్ల డబ్బాలో మేకులతో, మరమేకులతో కలిపి పడవేస్తాము.

విత్తే రోజున గొర్రుకు బోల్టు విరిగినదనుకొనండి. కొత్త బోల్టు సిద్ధముగా ఉన్నది, డ్రిల్లు ఉన్నది, కరెంటు కూడ ఉన్నది. 9 మిల్లీమీటర్ల బిట్టు కనిపించదు. డబ్బా బోర్లించి వెదికితే దొరికిన దానిపై అంకె చెరిగిపోయినది. ఊహించి బిగించితే బెజ్జము వదులైనది, లేదా బిట్టే విరిగినది. సత్తెనపల్లికో గుంటూరుకో పోయి వచ్చుసరికి ఆ పూట గడచిపోతుంది. ఒక్క బిట్టు వెల స్వల్పమే. అది దొరకకపోవుట వలన పోయిన పూట వెల స్వల్పము కాదు.

బెజ్జమును కొలతకు తగినట్లు వేయుట ఈ సీమకు కొత్త విద్య కాదు. పెదకూరపాడునకు పొరుగుననే ఉన్న అమరావతిలోని స్తూపమును తలచుకొందము. దాని చుట్టూ నిలిచిన ప్రాకారము పల్నాటి సున్నపురాతితో చేసినది. నిలువు స్తంభముల ప్రక్కలను గూళ్ళుగా తొలిచి, వాటిలో అడ్డుకమ్ములను అమర్చినారు. ఆ అడ్డుకమ్ములకు 'సూచి' అని పేరు. గూడు వదులైతే సూచి నిలువదు, బిగువైతే దూరదు. గొర్రు మీది జడ్డిగమునకు కూడ ఇదే న్యాయము వర్తిస్తుంది. జడ్డిగములో వేసిన గింజలు దాని బెజ్జముల గుండా గొట్టములలోనికి దిగి చాళ్ళలో పడతవి. ఒక బెజ్జము పెద్దదై మరొకటి చిన్నదైతే ఒక చాలు ఒత్తుగా, మరొక చాలు పలుచగా మొలుస్తుంది.

మన వడ్రంగి బర్మాను త్రాటితో గాని విల్లుతో గాని త్రిప్పుతాడు. అది ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిరుగుతుంది. అందుచేత దాని మొనను రెండు వైపులా గీకునట్లు చదునుగా సాగగొట్టుతారు. తొలిచిన పొట్టు తనంతట పైకి రాదు. మధ్య మధ్య బర్మా తీసి దులపవలసినదే. నేడు మనము వాడే మెలిగాడుల బిట్టుకు 1863లో అమెరికా దేశమున మసాచుసెట్సు రాష్ట్రమునకు చెందిన స్టీఫెన్ మోర్సు పేటెంటు పొందినాడు. ఇది ఒకే వైపు తిరుగుతూ కోస్తుంది. కోసిన లోహపు చుట్టలు దాని గాడుల వెంట పైకి వస్తవి. ఈ గాడులలో తుప్పు గాని, మడ్డి గాని పేరుకొన్నచో చుట్టలకు దారి మూసుకొనిపోయి బిట్టు వేడెక్కి విరుగుతుంది. బిట్టును శుభ్రముగా ఉంచవలెననుటకు మొదటి కారణము ఇదే.

రెండవ సంగతి ఉక్కు జాతి. సాదా కార్బన్ ఉక్కుతో చేసిన బిట్టు వేడి సుమారు 200 సెంటీగ్రేడు డిగ్రీలు దాటితే మెత్తబడ మొదలిడుతుంది. అమెరికాలో టేలర్, వైట్ అనే ఇద్దరు పరిశోధించి రూపొందించిన 'హై స్పీడ్ స్టీలు'ను 1900 సంవత్సరపు పారిస్ ప్రదర్శనలో లోకము చూచినది. అందులో టంగ్‌స్టన్ వంటి లోహములు కలియుటచేత సుమారు 600 డిగ్రీల వరకు అది తన కాఠిన్యమును నిలుపుకొంటుంది. మూడవది టంగ్‌స్టన్ కార్బైడు. జర్మనీలోని క్రుప్ సంస్థ 1926లో దీనిని 'విడియా' అను పేర విక్రయించినది. ఆ పేరునకు జర్మను భాషలో 'వజ్రము వంటిది' అని అర్థము. మన కార్ఖానాలలో విడియా బిట్టు అని వాడుకలో ఉన్న మాట దీని నుండి వచ్చినదే.

ఇంత చరిత్ర ఎందుకనగా, బిట్లను అమర్చుటలో మొదటి మెట్టు జాతి విభాగము. కొలత తరువాత. మూడు గుంపులు చేయవలెను. ఇనుముకు వాడేవి ఒక గుంపు. వీటి కాడ మీద హెచ్.ఎస్.ఎస్. అను అక్షరములు చెక్కి ఉంటవి. ఇవి చెక్కకు కూడ పనికివస్తవి. చెక్కకు మాత్రమే పనికివచ్చేవి రెండవ గుంపు. వీటి కొనన నడుమ సూది వంటి చిన్న ముల్లు ఉంటుంది. అది చెక్కలో ముందుగా దిగి బిట్టును ప్రక్కకు జారనీయదు. మూడవ గుంపు గోడకు, రాతికి వాడే విడియా బిట్లు. వీటి కొనన అడ్డముగా అతికిన చిన్న బిళ్ళ ఉండును. అది కాడ కంటె కొంచెము వెడల్పు.

ఈ మూడింటిని ఒకే డబ్బాలో ఉంచుట వలన కలుగు నష్టము స్పష్టమే. మాచర్ల బండ పరచిన అరుగులో ఇనుప బిట్టుతో బెజ్జము వేయబూనినచో కొద్ది క్షణములలో దాని మొన అరిగిపోతుంది. విడియా బిట్టుతో టేకు తలుపును తొలిచినచో అది కోయదు, నలుపుతుంది; బెజ్జము అంచులు చిట్లుతవి. తలుపునకు కలిగిన మచ్చ పోదు. అందుచేత మూడు గుంపులకు మూడు వేరు దిమ్మెలు గాని, మూడు రంగులు గాని ఉండవలెను. ఇనుమునకు నీలము, చెక్కకు పసుపు, గోడకు ఎరుపు అని ఇంటిల్లిపాదికి తెలిసేటట్లు నిర్ణయించుకొంటే చాలును.

రెండవ మెట్టు కొలత. మన దేశములో 1956 నాటి తూనికలు, కొలతల చట్టము మెట్రిక్ పద్ధతికి పునాది వేసినది. అయినను తాతల నాటి పెట్టెలలోని బిట్లు, పాత యంత్రముల బోల్టులు అంగుళముల లెక్కలోనే ఉన్నవి. పావు అంగుళము 6.35 మిల్లీమీటర్లు. కనుక పావు అంగుళపు బోల్టు 6 మిల్లీమీటర్ల బెజ్జములో దూరదు. సుత్తితో కొట్టి దూర్చబోతే బోల్టు మర చెడుతుంది, చెక్క అయితే పగులుతుంది. అట్లే మూడు బై ఎనిమిది అంగుళము 9.525 మిల్లీమీటర్లు, అర అంగుళము 12.7 మిల్లీమీటర్లు. అంగుళముల బిట్లను మిల్లీమీటర్ల వరుసలో దూర్చక వేరు వరుసగా ఉంచవలెను.

అంకె చెరిగిన బిట్టును వెర్నియరు కాలిపరుతో కొలువవచ్చును. కొలువవలసిన చోటు మొన దగ్గర, కోత అంచుల వెలుపలి కొసల నడుమ. బిట్టు మొన నుండి కాడ వైపునకు అతి స్వల్పముగా సన్నగిల్లునట్లు చేయబడి ఉంటుంది. కాడ దగ్గర కొలిచినచో లెక్క కొంచెము తగ్గవచ్చును.

మూడవ మెట్టు దిమ్మె తయారు చేయుట. బజారులో 1 నుండి 13 మిల్లీమీటర్ల వరకు అర మిల్లీమీటరు తేడాతో 25 బిట్ల సెట్టు దొరుకుతుంది. వీటికి 30 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల మందము గల చెక్కదిమ్మె ఒకటి చాలును. చెక్క బాగుగా ఎండినదై ఉండవలెను. పచ్చి చెక్కలోని తడి బిట్లకు తుప్పు పట్టిస్తుంది. ముందు వరుసలో సన్నవి, వెనుక వరుసలో లావువి ఉండునట్లు రెండు గీతలు గీసి, 2 సెంటీమీటర్లకొక గుర్తు పెట్టవలెను. వ్రేళ్ళు దూరుటకు ఆ ఎడము అవసరము.

ప్రతి బిట్టునకు అర మిల్లీమీటరు ఎక్కువ బెజ్జము వేయవలెను. దీనికి వేరే సాధనము అక్కరలేదు. 3 మిల్లీమీటర్ల బిట్టు నిలిచే బెజ్జమును 3.5 బిట్టుతోను, 3.5 బిట్టు నిలిచే బెజ్జమును 4 బిట్టుతోను వేస్తూ పోవలెను. చివరిదగు 13 బిట్టునకు మాత్రము బెజ్జమును గుండ్రని ఆకురాయితో కొంచెము పెద్దది చేయవలసి ఉంటుంది. లోతు 25 మిల్లీమీటర్లు సరిపోవును. కాని 1 మిల్లీమీటరు బిట్టు మొత్తము పొడవే 34 మిల్లీమీటర్లు. కావున 3 మిల్లీమీటర్ల లోపు వాటికి 12 మిల్లీమీటర్ల లోతు చాలును. లోతు తప్పకుండుటకు తొలిచే బిట్టు మీద ఆ ఎత్తున ఒక చుట్టు టేపు అంటించుకొంటే టేపు చెక్కను తాకగానే ఆపవచ్చును.

బిట్టును కాడ క్రిందికి, మొన పైకి ఉండునట్లు నిలుపవలెను. మొన దేనికీ తగులదు. అయితే కాడ మీది అంకె మరుగుపడుతుంది; కనుక దిమ్మె మీద ప్రతి బెజ్జము ఎదుట అంకెను రంగుతో వ్రాయవలెను. మొనలు పైకి ఉన్న దిమ్మెను కంటి ఎత్తున ఉంచరాదు. నడుము ఎత్తున, మూత గల పెట్టెలో ఉంచుట మేలు.

ఇట్లు అమర్చిన దిమ్మె యొక్క నిజమైన ప్రయోజనము అందము కాదు. ఖాళీ బెజ్జము కేక వేసి పిలుస్తుంది. సాయంకాలము పెట్టె మూయునప్పుడు ఒక గూడు ఖాళీగా కనిపించినచో ఒక బిట్టు ఎక్కడనో మిగిలిపోయినదని అర్థము. డబ్బాలో ఇరువదియైదు బిట్లు కలిసి ఉన్నప్పుడు ఇరువదినాలుగే ఉన్నవని ఎవరికి తెలియును?

ఆ మిగిలిపోయిన బిట్టు ఎక్కడ పడినదను ప్రశ్న పశువులు గల ఇంట చాల పెద్ద ప్రశ్న. మన ఇళ్ళలో పనిగది, గొడ్ల చావడి, గడ్డివాము దగ్గర దగ్గరగా ఉంటవి. ఆవులు, గేదెలు మేతను పూర్తిగా నమలకయే మ్రింగుతవి. గడ్డిలో కలిసిన మేకు, తీగ ముక్క, విరిగిన బిట్టు మొన కడుపులోనికి పోయి, తేనెపట్టు వంటి గోడలు గల రెండవ అరలో నిలుస్తుంది. ఆ అరకు ముందు వైపు పలుచని పొర, దాని ఆవల గుండె ఉన్నవి. వాడిగల ముక్క ఆ గోడను పొడుచుకొని ముందునకు పోయినచో పశువు మేత మాని, పాలు తగ్గి, తుదకు మరణించవచ్చును. కావున బిట్టు విరిగినచో ముక్కలు రెండూ దొరుకు వరకు పని ఆపవలెను. పాడైపోయిన రేడియో లౌడ్‌స్పీకరులోని అయస్కాంతమును ఒక కర్రకు కట్టి నేల మీద త్రిప్పినచో ఇనుప రజను, ముక్కలు దానికి అంటుకొంటవి. బిట్లను మాత్రము అయస్కాంతము మీద నిలువ ఉంచరాదు. వాటికి కూడ ఆ గుణము సోకి, పని చేయునప్పుడు రజను మొనకే పట్టుకొంటుంది.

నాలుగవ మెట్టు తుప్పు నుండి రక్షణ. ఇనుమునకు తుప్పు పట్టుటకు గాలి, తడి రెండూ కావలెను. గాలిలో తేమ 60 శాతము దాటిన పిమ్మట తుప్పు వేగము హెచ్చుతుంది. చేతి చెమటలోని ఉప్పు దానికి తోడవుతుంది. మన రైతు ఇళ్ళలో మరి రెండు శత్రువులున్నవి. ఒకటి ఎరువుల బస్తా. యూరియా గాలిలోని తడిని పీల్చుకొంటుంది. పొటాష్ ఎరువులోని క్లోరైడు ఇనుమును తినివేస్తుంది. రెండవది ఛార్జింగులో ఉన్న బ్యాటరీ. దాని నుండి వెలువడే ఆమ్లపు తుంపర దగ్గరలోని ఇనుమునంతటిని పాడు చేస్తుంది. పనిముట్లను ఈ రెండింటి గదిలో ఉంచరాదు.

పని ముగిసిన వెంటనే బిట్టును కుంచెతో దులిపి, గుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె ఒక చుక్క రాయవలెను. వేరుసెనగ నూనె, నువ్వుల నూనె వంటివి పనికిరావు. అవి గాలి తగిలి జిగురుగా మారి గాడులలో పేరుకొంటవి. చెక్కకు వాడబోయే ముందు ఆ నూనెను తుడిచివేయవలెను. లేకున్న చెక్క మీద మరక పడుతుంది.

వానకాలమునకు పల్నాటిలోనే ఒక మంచి ఉపాయమున్నది. పిడుగురాళ్ళ సున్నమునకు పేరుపొందిన ఊరు. బట్టీలో కాల్చి, ఇంకా నీరు చల్లని సున్నపు గడ్డ గాలిలోని తడిని పీల్చుకొంటుంది. రసాయనశాస్త్రపు లెక్క ప్రకారము స్వచ్ఛమైన సున్నము 56 గ్రాములు 18 గ్రాముల నీటిని కట్టివేయగలదు. ఒక మట్టి ముంతలో సగము వరకు సున్నపు గడ్డలు వేసి, పలుచని గుడ్డ వాసెన కట్టి పెట్టె మూలన ఉంచవలెను. సున్నము తడి పీల్చి ఉబ్బుతుంది గనుక ముంతను నింపరాదు. గడ్డ పిండిగా మారిన తరువాత దాని శక్తి అయిపోయినట్లే, మార్చవలెను. ఆ గడ్డ మీద నీరు పడితే తీవ్రమైన వేడి పుట్టుతుంది, పొడి కంటిలో పడితే చూపునకే ప్రమాదము. కనుక దానిని పిల్లలకు అందని చోట మాత్రమే ఉంచవలెను.

అయిదవ మెట్టు మొద్దుబారిన వాటిని వేరు చేయుట. బిట్టు కీచుమని అరచినను, చుట్టలకు బదులు పొడి రాలినను, మామూలు కంటె ఎక్కువగా నొక్కవలసి వచ్చినను అది మొద్దుబారినదని గ్రహించవలెను. దానిని తిరిగి గూటిలో ఉంచినచో మరునాడు మనలను మోసగిస్తుంది. దిమ్మె ప్రక్కనే 'సాన పట్టవలసినవి' అని ఒక చిన్న డబ్బా ఉండవలెను. తీరిక దినమున వాటిని సాన పట్టవచ్చును. సాధారణమైన బిట్టు మొన కోణము 118 డిగ్రీలు. ఆరు పలకల నట్లు రెండు ప్రక్క ప్రక్కన పలకకు పలక ఆనించి ఉంచినచో నడుమ ఏర్పడే సందు 120 డిగ్రీలు. బిట్టు మొనను అందులో నిలిపి చూచుకొంటే చాలును. కోత అంచులు రెండును సమానమైన పొడవు ఉండవలెను. ఒకటి పొడవైనచో బెజ్జము కావలసిన దాని కంటె పెద్దదవుతుంది. బంగారు రంగు పూత గల బిట్లను సాన పట్టినప్పుడు మొన దగ్గర ఆ పూత పోతుంది. లోపలి ఉక్కు మామూలుగా కోస్తూనే ఉంటుంది. సానరాయి వద్ద కంటి అద్దములు తప్పనిసరి.

చివరగా ఒక చిన్న పట్టిక. 6 మిల్లీమీటర్ల బోల్టు నేరుగా దూరుటకు 6.5, 8 బోల్టునకు 9, 10 బోల్టునకు 11 మిల్లీమీటర్ల బిట్టు వాడవలెను. బెజ్జము లోపల మర కోయవలెనన్నచో అవే బోల్టులకు వరుసగా 5, 6.8, 8.5 బిట్లు కావలెను. ఈ ఆరు అంకెలను పెట్టె మూత లోపల వ్రాసి ఉంచుకొన్న ఇంట ఎవరైనను తడుముకొనకుండ పని చేయగలరు. ఇంటి పెద్ద ఊరిలో లేకున్నను కుమారుడో, కుమార్తెయో, కోడలో మూత తెరచి తగిన బిట్టును తీసుకొనగలరు.

ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమన్నారు. పనిగదికి కూడ అదే మాట చెల్లును. దిమ్మె చేయుటకు ఒక సెలవు దినము, దానిని నిలుపుకొనుటకు రోజుకు రెండు నిమిషములు పడుతుంది. తీసిన బిట్టును తుడిచి, నూనె రాచి, దాని గూటిలో నిలుపుట అలవాటైనచో తొలకరి వాన కురిసిన నాడు నేల పదునును డబ్బా వెదకుటలో పోగొట్టుకొనవలసిన అవసరము రాదు.